నీలం చుక్క లెన్సు

పోయిన వారం మునిలక్ష్మిని కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో గాడ్విన్ కెమెరా దుకాణం మెట్ల మీద వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారంగా అక్కడే నిలబడి ఉంది. కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్లు ఓపిక పట్టాలి.

మునిలక్ష్మిది బంగారుపేట పక్కన పల్లె. ఇంట్లో పట్టుపురుగుల పెంపకం, పాడి. జూబిలీ స్టూడియో ఆంథోనీ మాస్టర్ దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకుంటోంది. అంతకుముందు ఆ కొలువు ఆమె తమ్ముడు మునేష్‌ది. పోయిన ఏడాది మాస్టర్ ప్రాణంలా చూసుకునే పాత లెన్సు ఒకటి మాయమైంది. "కడసారిగా మునేష్ చేతిలోనే చూసినాను" అన్నాడు మాస్టర్. దొంగ అన్న మాట ఆయన అనలేదు, ఆ మిగతా సగం బజారే పూర్తి చేసింది. మునేష్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అదే జిల్లాలోని నరసాపురం వెళ్లి బైకుల ఫ్యాక్టరీలో చేరాడు, పండక్కి కూడా ఇంటికి రావడం మానేశాడు. తమ్ముడి మీద పడ్డ మచ్చను తన పనితో కడగాలని అక్క అదే స్టూడియోలో చేరింది. గోరుచుట్టు మీద రోకటి పోటులా బండి మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది, లోపల కడ్డీ వేశారు. కిందటి నెల ఒక పెళ్లిలో మాస్టరే ఫోకస్ సరిచేసి కెమెరా ఆమె చేతికిచ్చాడు, ఆమె బటన్ నొక్కింది. తాళి కట్టే ఫోటో మసకగా వచ్చింది. చెయ్యి వణికిందన్నారు అందరూ. "తేలికైన కెమెరా కొనుక్కో, లేదంటే ఈ పని వదిలెయ్" అన్నాడు మాస్టర్. పని వదిలేస్తే తమ్ముడి పేరు అలాగే బురదలో ఉండిపోతుంది.

అదీ సంగతి. ఇక మెట్లెక్కిద్దాం.

గాడ్విన్ మూడు కెమెరాలు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. పెద్దది, నడిమిది, చిన్నది. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు అక్కాచెల్లెళ్లను కూర్చోబెట్టినట్టు మూడింటినీ ఒకసారి గుడ్డతో తుడిచాడు కూడా.

"చూడు మా. మూడిట్లోనూ లెన్సు మార్చుకోవచ్చు. ఈ పెద్దదాంట్లో లోపల అద్దం ఉండాది. బటన్ నొక్కితే అద్దం లేస్తాది, టక్‌మంటాది. పెండ్లోళ్లకు ఆ టక్ వినబడితేనే ఫోటో తీసినట్ల. ఈ నడిమిదాంట్లో అద్దం లేదు, అందుకే తేలిక. కంటికి ఆనించుకునేదానికి కిటికీ ఉండాది. ఈ చిన్నదాంట్లో ఆ కిటికీ కూడా లేదు, వెనకాల తెరలో చూసుకోవల్ల, ఫోను మాదిరి. అన్నిట్లోకీ తేలికా ఇదే, చవకా ఇదే."

"ఏది మంచిదన్నా?"

"మూడూ మంచివే."

అమ్మేవాణ్ణి అడిగితే ఇంకేం చెబుతాడు! అయినా మునిలక్ష్మి తప్పేం లేదు, అప్పటికే ఆమె బుర్రలో తలా ఒక మాట వేసి గంజి కాచి పెట్టారు. వాళ్లమ్మ ఆదిలక్ష్మమ్మ "ఫోను ఉండాది కదే, ఇంగ కెమెరా యాలే?" అంది. మాస్టరేమో "కంటికి ఆనించుకోనిది కెమెరానే కాదు, తెలిసిందా?" అన్నాడు. రైల్లో రోజూ కలిసే ఒకాయన పెద్ద కెమెరా లేకపోతే పెళ్లివాళ్లు పక్కన నిలబడనివ్వరన్నాడు. పట్టుగూళ్లు అమ్మిన డబ్బేమో చిన్నదానికి సరిపోతుంది, నడిమిదానికి సరిపోవచ్చు, పెద్దది సెకండ్‌హ్యాండులో అయితే చూడవచ్చు. ఊరికే దొరికేది సలహా ఒక్కటే కాబట్టి అందరూ దండిగానే ఇచ్చారు.

"సరే, ఈ నడిమిదే అనుకుందాం. లెన్సు దీంతోనే వస్తాదా?"

"అది వేరే మా. ఇది బాడీ."

"అంటే ఆవును ఒక సంతలో, పొదుగును ఇంగో సంతలో కొనమంటావా?"

గాడ్విన్ పడీ పడీ నవ్వాడు. "సరిగ్గా చెప్పినావు! ఆవులు ఏడాదికి ఒకటి కొత్తది వస్తా ఉంటాయి. పొదుగు మంచిదైతే నీ తరం గడిచిపోతాది."

ఆ జవాబుతో ఆమెకు స్పష్టత వచ్చిందనుకుంటే పొరపాటు. బాడీకి తగ్గ లెన్సు కొనాలా, లెన్సుకు తగ్గ బాడీ కొనాలా అన్న కొత్త సందేహం పట్టుకుంది. దానికి గాడ్విన్ ఇంకో మాట కలిపాడు. ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ బాడీకి కూర్చోదట, మధ్యలో ఒక రింగు వేస్తే మాత్రం కూర్చుంటుందట. అయితే రింగు వేసుకుంటే ఫోకస్ దానంతట అది రాదట, ఒక్కోసారి వస్తుందట కూడా.

మునిలక్ష్మి ఇక లాభం లేదనుకుని చేతిసంచిలోంచి ఒక పట్టుగూడు తీసి బల్ల మీద పెట్టింది. ఇది మునేష్ నేర్పిన పరీక్ష. మనిషి మొహానికైతే కళ్లూ ముక్కూ ఉంటాయి, ఏ కెమెరా అయినా పట్టేసుకుంటుంది. పట్టుగూడు తెల్లటి మీద తెలుపు, దానికి ముక్కూ మొహం లేవు. ఫోకస్ కుదిరితే పైనున్న సన్నటి పోగులు ఒక్కొక్కటీ కనిపిస్తాయి, కుదరకపోతే సున్నపు ముద్ద కనిపిస్తుంది. ఇంట్లో తట్టల పక్కన కూర్చుని అక్కాతమ్ముళ్లు ఆ ఆట చాలాసార్లు ఆడారు.

పెద్దది ఎత్తింది. పోగులు కనిపించాయి, కానీ మణికట్టులో కడ్డీ దగ్గర పోటు మొదలైంది. చిన్నది ఎత్తింది. గాలిలో ఉన్నట్టే ఉంది, ఏ నొప్పీ లేదు. అది మాత్రం జుయ్ జుయ్‌మని ముందుకీ వెనక్కీ వెతుక్కుని చేతులెత్తేసింది. నడిమిది కాసేపు వెతుక్కుని పట్టుకుంది. న్యాయంగా ఉండాలని రెండోసారి చూసింది. ఈసారి చిన్నది టక్కున పట్టేసింది, నడిమిది సున్నపు ముద్ద చూపించింది! తేల్చుకోవడానికి పెట్టిన పరీక్ష కాస్తా ఉన్న తికమకను రెట్టింపు చేసి కూర్చుంది.

గాడ్విన్‌కు జాలేసింది. "ఒక పని చెయ్ మా. ఈరోజు నీకు ఫంక్షన్ ఉండాది కదా? నడిమిది ఎత్తుకోని పో. వాడి చూడు, సాయంత్రం తెచ్చి ఇయ్యి. నచ్చితే మాట్లాడుకుందాం." అంటూ సంచిలో బాడీ పెట్టాడు, చిన్న జూమ్ లెన్సు పెట్టాడు. వెనక సొరుగు లాగి రింగు తగిలించి ఉన్న పాత లెన్సు ఒకటి అందులో పడేశాడు. "ఇంట్లో వెలుతురు తక్కువుంటే ఇది వేసుకో. ఫోకస్ చేత్తోనే తిప్పుకోవల్ల, మీ మాస్టర్ మాదిరి."

ఛాంపియన్ రీఫ్స్‌లో గని మనుషుల కోసం ఎప్పుడో కట్టిన లైన్ ఇళ్లలో చివరిది అక్కయమ్మది. మనవరాలిని ఉయ్యాలలో వేసే ముచ్చట. మునిలక్ష్మి మెడలో నడిమి కెమెరా వేసుకుని గుమ్మంలోకి రాగానే "రామ్మా, రా" అని చాప వేశారు. ఉప్మా పెట్టారు. కాఫీ ఇచ్చారు. ఎంత మంచి మనుషులో అనుకుంది. ఉప్మా అయిపోయింది, కాఫీ అయిపోయింది, బిడ్డ ఏడుపు లంకించుకుంది. అయినా ఎవరూ కదలరు, అందరి చూపూ వీధి వైపే. అక్కయమ్మ రెండుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చింది.

ఆఖరికి మునిలక్ష్మే అడిగింది. "ఇంగా ఎవరి కోసం కాచుకోని ఉండారమ్మా?"

"ఫోటో తీసేవాళ్లు రావల్ల కదమ్మా! ఆంథోనీ పంపిస్తా అన్నాడు. వాళ్లొస్తే కదా బిడ్డను తొట్లో వేసేది. బిడ్డ ఆకలికి అల్లాడతా ఉండాది, వాళ్లు ఏ టీ అంగడి కాడ నిలబడినారో ఏమో."

"నేనేనమ్మా ఆ ఫోటో తీసేది."

అక్కయమ్మ ఆమె మొహం చూసింది. మెడలోని కెమెరా చూసింది. మళ్లీ మొహం చూసింది. "నువ్వు చుట్టాలమ్మాయివి అనుకున్నాం కదే! అయితే కెమెరా యాడ?"

"ఇదే."

"ఇదా? ఇది పిల్లకాయలు ఆడుకునేది కదా! మా పెద్దమ్మాయి ఫంక్షన్‌కు ఆంథోనీ వచ్చినాడు, ఇంత కెమెరా, ఇంత గొట్టం, ఒక మనిషి లైటు పట్టుకోని నిలబడినాడు. ఏమప్పా, మా ఇంటికి ఇది సాలని పంపించేసినాడా?"

మునిలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. చెయ్యి నొప్పి లేని కెమెరా కోసం ఇన్నాళ్లు వెతికితే, తీరా దొరికిన కెమెరా ఎవరి కంటికీ ఆనడం లేదు! అయినా నవ్వు తెచ్చిపెట్టుకుని, అక్కయమ్మ చిరాగ్గా ఉన్న మొహాన్నే ఒక ఫోటో తీసి తెరలో చూపించింది. ముసలమ్మ కాసేపు తెరను దూరంగా పెట్టి చూసుకుంది.

"ముక్కుపుడక రాయి కూడా కనిపిస్తా ఉండాదే!" అంది. కోపం అక్కడితో దిగిపోయింది. "సరే పాండి, బిడ్డను తీసుకురాండి" అని కేక వేసింది.

లోపలి గది చీకటి గుయ్యారం. పైదూలానికి ఉయ్యాల కట్టారు. బిడ్డ కళ్ల మీద ఫ్లాష్ కొట్టొద్దని తల్లి ముందే చెప్పింది. జూమ్ లెన్సుతో చూస్తే తెర నిండా చీకటే. మునిలక్ష్మి దాన్ని విప్పి పక్కన పెట్టి, సంచిలో చెయ్యి పెట్టి పాత లెన్సు తీసింది. బొటనవేలితో తడిమింది, బాడీ మీది గుర్తుకు ఎదురుగా పెట్టింది, తిప్పింది. టక్‌మని కూర్చుంది. ఆడవాళ్లు జోలపాట అందుకున్నారు. రింగు తిప్పుతూ బిడ్డ కనురెప్పల దగ్గర ఆపింది. వెంట్రుక వెంట్రుకా తేలి కనిపిస్తోంది. చెయ్యి వణకలేదు. ఒకటి తీసింది, రెండోది తీసింది. అప్పుడు ఆగిపోయింది.

తాను ఈ లెన్సును కళ్లతో చూడకుండానే తగిలించింది!

లెన్సు కొత్తదైతే ఎక్కడ పెట్టి తిప్పాలో వెతుక్కోవాలి. వేలు వెతుక్కోలేదు, తిన్నగా చోటుకు వెళ్లింది. కెమెరా వెనక్కి తిప్పి చూసింది. లెన్సు మొదట్లో కొంచెం ఉబ్బెత్తుగా, ఎండిన నీలం పెయింటు చుక్క. ఆ చుక్క పెట్టిన చెయ్యి ఆమెకు తెలుసు. మాస్టర్ భార్య మార్తమ్మ క్రిస్మస్ నక్షత్రానికి వేయగా మిగిలిన నీలం పెయింటును అగ్గిపుల్లతో తీసి స్టూడియోలోని ప్రతి లెన్సుకూ ఒక బొట్టు పెడుతుంది. చర్చిలో దీపాలార్పినా మాస్టర్ చేతికి లెన్సు అందించేది ఆమే కాబట్టి, చీకట్లో వేలికి తగలాలని ఆమె కనిపెట్టుకున్న ఉపాయం అది. జూబిలీ స్టూడియో లెన్సులకు తప్ప కేజీఎఫ్ మొత్తంలో ఇంకే లెన్సుకూ ఆ బొట్టు ఉండదు.

పోయిన లెన్సు తన చేతిలోనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గాడ్విన్. "మా, వెనక సొరుగులోది పాత లెన్సు ఒకటి నీ సంచిలో వేసేసినానా?"

"వేసినావు."

"అయ్యో, దేవా! దాన్ని ఎవరికీ ఇచ్చేది లేదు మా. నరసాపురం నుంచి ఒక పిల్లోడు చానా నాళ్లుగా దాని మీద టవల్ వేసి పెట్టినాడు. ఈరోజు వానికి లీవు. తీసుకోని పోయేదానికి వస్తా ఉండాడు. బేగ తెచ్చి ఇచ్చెయ్."

బస్సు సీటు మీద టవల్ వేసినట్టు లెన్సు మీద వేసిన ఆ నరసాపురం పిల్లోడు ఎవరు? మునిలక్ష్మి గొంతు తగ్గించింది. "వాని పేరేందన్నా?"

"వద్దు మా, అది అడగొద్దు."

"పోనీ, నీకు దీన్ని అమ్మింది ఎవరు? అదైనా చెప్పు."

"నన్ను ఇరికించొద్దు మా. నేను మాట ఇచ్చినాను. మార్తమ్మను అడుగు" అని పెట్టేశాడు.

ఉయ్యాల ముచ్చట ముగించుకుని ఆటోలో స్టూడియోకు వస్తున్నంతసేపూ ఆమెకు తలా తోకా తెలియలేదు. మునేషే దొంగిలించి అమ్ముకున్నాడా? అమ్ముకున్నవాడు మళ్లీ అదే కొనుక్కోవడానికి ఎందుకు వస్తాడు? వాడు దొంగిలించలేదా? అయితే ఆ రోజు బజారు మొత్తం అంటుంటే నోరెందుకు విప్పలేదు? ముడి ఒక పక్క విప్పితే ఇంకో పక్క బిగుసుకుంటోంది. మూతపడ్డ బంగారు గనుల సైనైడ్ మట్టి దిబ్బల మీద నుంచి గాలికి దుమ్ము లేచి కంట్లో పడింది. కళ్లు తుడుచుకుంది. దుమ్ముకు తుడుచుకుందో, కోపానికి తుడుచుకుందో ఆమెకే తెలియదు.

స్టూడియోలో మార్తమ్మ ఒక్కతే కూర్చుని పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తోంది. మునిలక్ష్మి కెమెరా నుంచి లెన్సు విప్పి ఆమె చేతిలో పెట్టింది. మార్తమ్మ బొటనవేలు దానంతట అదే చుక్క మీదికి పోయింది. కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"ఇది నేను పెట్టిన చుక్కే" అంది.

"గాడ్విన్ అంగట్లో ఉండింది మార్తమ్మా. ఎవరు అమ్మినారో నిన్ను అడగమన్నాడు."

"మెల్లిగా మాట్లాడు మా. ఆయన లోపల ఉండాడు."

"ఎందుకు మెల్లిగా మాట్లాడల్ల? నా తమ్మున్ని దొంగ అనేటప్పుడు బజారు మెల్లిగా మాట్లాడిందా?"

ఆ గొంతుకు లోపలి గది తెర తొలగించుకుని ఆంథోనీ మాస్టర్ వచ్చాడు. ఆరడుగుల మనిషి. ఇస్త్రీ చొక్కా, తెల్లటి మీసం. ఆ బజారులో ఆయన ముందు గొంతు పెంచినవాళ్లు లేరు. మునిలక్ష్మి కూడా ఇంతవరకు పెంచలేదు. "ఏమి మా గలాటా? బిడ్డ ఫంక్షన్ బాగా జరిగిందా?" అన్నాడు.

"మాస్టర్, పోయిందన్నారే ఆ లెన్సు, అది పోలేదు. ఇక్కడ ఉండాది. మీరే అమ్మినారా?"

మాస్టర్ మార్తమ్మ వైపు తిరిగాడు. మార్తమ్మ తల దించుకుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మినాను. అయితే ఏమి? నాది, నేను అమ్ముకున్నాను. ఆ లెన్సు కెట్టుపోయినాది. ఎంత తిప్పినా షార్ప్ రాదు. జూబిలీ స్టూడియో లెన్సు కెట్టుపోయినాదని తెలిస్తే పెండ్లోళ్లు వేరే యాడికో పోతారు. పోయిందంటే ఎవరూ అడగరు."

"దానికి మునేష్ పేరు చెప్పల్లా?"

"వాని చేతిలో చూసినా అని మాత్రం అన్నాను. దొంగ అని అన్నానా? చెప్పు, ఎప్పుడైనా అన్నానా?"

ఇంతకంటే దొంగ అంటేనే నయం కదా! మునిలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. నేర్పిన గురువని ఇన్నాళ్లు నోట్లో నాలుక లేనట్టు ఉంది. ఈ రోజు మాత్రం నాలుక ఆగలేదు. "లెన్సు కెట్టుపోలేదు మాస్టర్. ఇప్పుడే బిడ్డ కనురెప్పలు ఫోటో తీసుకోని వచ్చినాను, చూడండి."

"నువ్వు నిన్న మొన్న కెమెరా పట్టినదానివి. షార్ప్ అంటే ఏందో నీకేం తెలుసు?"

"అయితే మీరే చూపించండి."

లెన్సు మళ్లీ తగిలించి కెమెరా ఆయన ముందు పెట్టింది. సంచిలోంచి పట్టుగూడు తీసి కిటికీ వెలుతురు పడే చోట బల్ల మీద నిలబెట్టింది. "దీని మీద ఫోకస్ పెట్టండి. పోగులు రాకపోతే లెన్సు కెట్టుపోయినట్ల. నేను మీ కాళ్లు పట్టుకుంటాను."

మాస్టర్ కెమెరాను చేతిలో తూచి చూసి "బొమ్మ మాదిరి ఉండాది" అని గొణిగాడు. కంటికి ఆనించుకున్నాడు. ఎన్నో పెళ్లిళ్లు చూసిన ఆ వేళ్లు రింగును నిదానంగా తిప్పాయి. ముందుకు, వెనక్కి, కొంచెం ముందుకు. ఎంత అందంగా తిప్పుతాడో అని ఆ కోపంలోనూ అనిపించింది ఆమెకు. చివరికి వేళ్లు ఆగాయి.

"ఇదో, వచ్చేసింది" అన్నాడు. బటన్ నొక్కి కెమెరా ఇచ్చాడు. "ఈ మాత్రమే వస్తాది. ఇంతకంటే రాదు, చూసుకో."

మునిలక్ష్మి తెర చూసింది. సున్నపు ముద్ద.

కెమెరాదే తప్పేమో అనుకుంది. కెమెరా కిటికీ పక్కన కళ్లజోడు వాళ్ల కోసం ఉండే చిన్న చక్రం తిప్పి మళ్లీ ఇచ్చింది. ఆయన మళ్లీ తిప్పాడు, మళ్లీ వచ్చేసిందన్నాడు. మళ్లీ సున్నపు ముద్దే. ఈసారి తాను తీసుకుని రింగు తిప్పింది. పోగులు ఒక్కొక్కటిగా పైకి లేచాయి. లెన్సుకు ఏ జబ్బూ లేదు.

కిందటి నెల తాళి ఫోటో కళ్ల ముందు కదిలింది. సిగ్గుతో దాన్ని ఆమె రెండోసారి చూడనే లేదు. చెయ్యి వణికితే బొమ్మ ఒక పక్కకు సాగుతుంది. ఆ ఫోటో సాగలేదు. పెళ్లికొడుకు చేతులూ తాళీ పెళ్లికూతురి మెడా అంతా ఇలాగే ఉంది, ఇదే సున్నపు ముద్ద. ఆ రోజు ఫోకస్ పెట్టింది మాస్టర్. తేలికైన కెమెరా, బరువైన కెమెరా, కిటికీ ఉన్నది, లేనిది అని తాను ఇన్ని రోజులుగా వీధి వీధీ తిరిగింది తన చేతిని నమ్మక. మరి ఆయన లెన్సు కెట్టుపోయిందన్నది దేన్ని నమ్మలేక?

తలెత్తింది. మాస్టర్ వెనక మార్తమ్మ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఆడిస్తోంది. కళ్ల నిండా నీళ్లు.

మునిలక్ష్మి పెదవులు మాత్రమే కదిపింది. "ఆయన కండ్ల సంగతి మునేష్‌కు తెలుసా?"

మార్తమ్మ తల ఊపింది.

కోపం ఎటు పోయిందో పోయింది. వాడికి తెలుసు. తెలిసే బజారు ముందు నోరు మూసుకుని నిలబడ్డాడు. అది మంచితనమో, మొండితనమో, తనకూ అమ్మకూ చేసిన అన్యాయమో ఆమెకు అర్థం కాలేదు. వాణ్ణి కౌగిలించుకోవాలనీ ఉంది, చెంప పగలగొట్టాలనీ ఉంది.

"ఏమి మా, మాట లేదు?" అన్నాడు మాస్టర్ గెలిచినవాడిలా. "ఇప్పుడు తెలిసిందా లెన్సు సంగతి?"

అప్పుడే గుమ్మంలో వెలుతురుకు ఎవరో అడ్డం వచ్చారు. నీలం ఫ్యాక్టరీ చొక్కా, భుజాన సంచి, చిక్కిన మొహం. గాడ్విన్ దుకాణం నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చినట్టున్నాడు, ఊపిరి ఇంకా కుదుటపడలేదు. మునేష్ గుమ్మం దాటకుండా నిలబడి ముందు అక్కను చూశాడు, తర్వాత బల్ల మీది పట్టుగూడును చూశాడు. ఆ పరీక్ష నేర్పింది అతనే, ఇక్కడ ఏం జరిగిందో ఒకరు చెప్పనక్కర్లేదు.

మాస్టర్ కూడా అటే తిరిగాడు. నాలుగు అడుగుల దూరం కూడా లేదు. పట్టపగలు. నాలుగేళ్లు పక్కన నిలబెట్టుకుని, కొడుకులా అన్నం పెట్టి పని నేర్పిన కుర్రాడి మొహంలోకి తిన్నగా చూశాడు.

"రాప్పా, రా" అన్నాడు. "పాస్‌పోర్ట్ ఫోటోనా? లోపలికి వచ్చి కూర్చో."

మార్తమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునేష్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. సంచి కింద పెట్టి, నీలం తెర ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

మాస్టర్ బల్ల మీద తడిమి ఆ తేలికైన కెమెరానే అందుకున్నాడు. కంటికి ఆనించుకున్నాడు. "గడ్డం కొంచెం ఎత్తప్పా. ఆ, అట్లే ఉండు." వేళ్లు రింగును తిప్పడం మొదలుపెట్టాయి. ముందుకు, వెనక్కి. మునేష్ గడ్డం ఎత్తి రెప్ప వేయకుండా ఆ లెన్సులోకే చూస్తున్నాడు.

తిప్పుతున్న వేళ్లు మధ్యలో ఆగిపోయాయి.

"నీ పేరేందప్పా?" అన్నాడు మాస్టర్, కెమెరా కంటి నుంచి దించకుండానే.